ప్రాగ్‌లో మూడు రోజులు, ఆరుగురం: ప్లాన్ చూసి తప్పులు చెప్పండి

కొత్తపెరుగు

అక్టోబరు రెండో వారంలో ఆరుగురు ఫ్రెండ్స్ కలిసి ప్రాగ్ వెళ్తున్నాం. శుక్రవారం సాయంత్రం ఆరింటికి దిగుతాం. మంగళవారం తెల్లవారుజామున ఆరున్నరకి తిరుగు ఫ్లైటు. ఇద్దరు శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. ఒకడికి మోకాలి నొప్పి. ఎక్కడం పర్వాలేదు గానీ దిగడమే కష్టం. ఓల్డ్ టౌన్ పక్కనే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ బుక్ చేశాం.

శనివారం: పొద్దున యూదుల పేట (యోజెఫోవ్), మధ్యాహ్నం చార్లెస్ బ్రిడ్జి, సాయంత్రం అటువైపు మలా స్ట్రానా పేట.
ఆదివారం: తొమ్మిదికల్లా నెరుదొవా వీధి మీదుగా నడిచి కోటకి, లోపల కేథడ్రల్. సాయంత్రం ఓల్డ్ టౌన్ స్క్వేర్, గడియారం.
సోమవారం: విషెహ్రాద్ అనే పాత దుర్గం, తర్వాత షాపింగ్.

అందరికీ 72 గంటల పాస్‌లు కొందామని, చేతిలో యూరోలు పట్టుకెళ్దామని అనుకుంటున్నాం. మొహమాటం లేకుండా తప్పులు చెప్పండి.

పట్టాలమీద

శని, ఆదివారాల ప్లాన్ రెండూ గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

శనివారం యూదుల సబ్బాత్, అంటే వారపు విశ్రాంతి దినం. యోజెఫోవ్‌లోని యూదు మ్యూజియం, సినగాగులు (యూదుల ప్రార్థనా మందిరాలు), పాత శ్మశానం అన్నీ ఆ రోజు మూసే ఉంటాయి. వీధుల్లో తిరగొచ్చు గానీ లోపలికి పోలేరు. ఆదివారం పొద్దున సెయింట్ వీటస్ కేథడ్రల్‌లో ప్రార్థనలు జరుగుతాయి, పర్యాటకులను మధ్యాహ్నం 12 నుంచే రానిస్తారు. తొమ్మిదికి వెళ్తే మూడు గంటలు గేటు బయటే.

రోజులు తిరగేయండి. శనివారం కోట, ఆదివారం యోజెఫోవ్. సోమవారం విషెహ్రాద్ అలాగే ఉంచండి, అది బయలు ప్రదేశం కాబట్టి సోమవారం సెలవుల గొడవ లేదు.

మీకూ, ఇది చదివే వేరేవాళ్లకీ ఇంకో మాట: సెప్టెంబరు, అక్టోబరుల్లో యూదుల పండగలు వరసగా వస్తాయి. వాటి తేదీలు ఏటా మారతాయి, ఆ రోజుల్లోనూ మ్యూజియం మూస్తారు. టికెట్ కొనేముందు వాళ్ల సైట్లో సెలవుల జాబితా చూసుకోవాలి.

గోదారిగట్టు

పైన చెప్పింది నిజం. నెరుదొవా మీదుగా ఎక్కడం గురించి నేను చెప్తాను, అసలు తేడా అక్కడే ఉంది.

ప్రాగ్ కోట కొండ మీద ఉంటుంది. కింద నుంచి ఎక్కితే సగం ఓపిక లోపలికి వెళ్లకముందే అయిపోతుంది. 22 నంబరు ట్రామ్ మిమ్మల్ని పైన దింపుతుంది. మలోస్త్రాన్‌స్కే నామ్యెస్తీ స్టాప్‌లో, ముందు బోర్డు మీద "బీలా హోరా" అని ఉన్న ట్రామ్ ఎక్కండి. వెనక్కి వెళ్లేది ఎక్కితే ఊరి ఆ చివర తేలతారు. "ప్రాష్‌స్కీ హ్రద్" స్టాప్‌లో దిగి, దాదాపు చదునుగా ఉన్న దారిలో అయిదు నిమిషాలు నడిస్తే ఉత్తరం వైపు గేటు. అది దాటగానే రెండో ప్రాంగణం.

ఇంకో రెండు స్టాపులు ముందుకెళ్లి పోహోర్జెలెత్స్‌లో దిగితే స్ట్రాహోవ్ మఠం. అందులో లైబ్రరీ హాళ్లు రెండు, ఒకటి 17వ శతాబ్దంది, ఒకటి 18వ శతాబ్దంది. అక్కడి నుంచి కోట ముఖద్వారం దాకా దారంతా కొద్దిపాటి వాలు. అయితే లైబ్రరీ హాళ్లను మామూలు టికెట్ మీద గుమ్మంలోంచే చూడాలి, లోపల అడుగుపెట్టనివ్వరు. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లు లేకపోతే వదిలేయండి.

మోకాలి నొప్పి ఉన్నాయన నెరుదొవా దిగకూడదు. పాత కోట మెట్లు అసలే వద్దు. నున్నగా అరిగిపోయిన రాళ్లు, వాన పడితే జారతాయి. వచ్చిన స్టాప్‌కే వెనక్కి నడిచి అదే 22లో దిగిపోవచ్చు. మిగతా అయిదుగురు నడిచి దిగి మలోస్త్రాన్‌స్కే నామ్యెస్తీలో కలుసుకోండి.

చార్మినార్_చాయ్

పాస్ సంగతి నేను చెప్త. 72 గంటలది కొనకుండ్రి, పైసలు దండుగ.

లెక్క చూడుండ్రి. 30 నిమిషాల టికెట్ నాలుగు కొన్న పైసలు, 24 గంటల టికెట్ పైసలు అటూఇటుగా ఒక్కటే. అంటే దినంల మూడుసార్లే ఎక్కితే విడి టికెట్లే నయం. 72 గంటలదానికి పది ప్రయాణాల దాకా లెక్క వస్తది. మీ అపార్ట్‌మెంట్ ఓల్డ్ టౌన్ పక్కనే ఉంది, అక్కడ అన్నీ నడిచే దూరమే. శనివారం కోటకు పోను, రాను ట్రామ్. సోమవారం విషెహ్రాద్‌కు మెట్రో. గంతే గద.

అస్సలు కథ టికెట్ పంచ్ కాడ ఉంటది. మెట్రోల మన హైదరాబాద్ లెక్క గేట్లు ఉండయి. ఎవ్వరూ ఆపరు. అందుకే కొత్తోళ్లు కాగితం టికెట్ కొని జేబుల పెట్టుకుని సీదా లోపలికి పోతరు. ఎస్కలేటర్ ముందల పసుప్పచ్చ డబ్బా ఉంటది, అండ్ల పెడితే తేదీ, టైమ్ పడ్తది. పడకపోతే టికెట్ లేనట్టే. మఫ్టీల చెకింగోళ్లు ఎస్కలేటర్ కింద నిలబడ్తరు, బ్యాడ్జ్ చూపిస్తరు. నాకు ఎర్కలేదు అంటే నడ్వది.

ఒక్కసారే పంచ్ చెయ్యాలె. మెట్రో దిగి ట్రామ్ ఎక్కినంక మళ్ల పెడితే ఒక దాని మీద ఒకటి పడి టికెట్ ఖరాబైతది. ట్రామ్ లోపల కార్డు మిషన్ల కొన్న టికెట్‌కు టైమ్ ముందే పడి వస్తది, దాన్ని పంచ్ చేసుడే వద్దు. ఫోన్‌ల కొంటే యాక్టివేట్ చేసినంక చెల్లుబాటు కావడానికి కొంచెం సేపు పడ్తది, కాబట్టి ట్రామ్ రాకముందే నొక్కుండ్రి, ఎక్కినంక కాదు.

పట్టాలమీద

దానికి చిన్న చేర్పు. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చేటప్పుడు 30 నిమిషాల టికెట్ సరిపోదు, 90 నిమిషాలది తీసుకోండి. 2024 మార్చి నుంచి పాత 119 బస్సు లేదు, దాని బదులు 59 నంబరు ట్రాలీబస్. పాత బ్లాగులు చూసి 119 కోసం వెతక్కండి. 59 ఎక్కి నాద్రజీ వెలెస్లవీన్‌లో దిగి, ఆకుపచ్చ ఏ లైన్ మెట్రోలో స్తారోమ్యెస్త్‌స్కా లేదా మూస్తెక్. ఒకే టికెట్, ఒకే పంచ్.

మంగళవారం ఆరున్నర ఫ్లైటుకి మెట్రో దొరకదు. రాత్రి 910 నంబరు బస్సు ఎయిర్‌పోర్టుకి వెళ్తుంది గానీ, ఆరుగురు, ఆరు సూట్‌కేసులు, రాళ్ల వీధుల్లో స్టాప్ దాకా ఈడ్చుకెళ్లడం అంటే తలనొప్పి. యాప్‌లో వ్యాన్ బుక్ చేయండి. మామూలు కారులో నలుగురే పడతారు, రెండు కార్లు విడివిడిగా పిలిస్తే ఒకటి ఆలస్యమవుతుంది. నాలుగింటికి బయల్దేరాలి.

ఉలవచారు

డబ్బు గురించి ఎవరూ చెప్పలేదు. చెక్ రిపబ్లిక్ యూరోపియన్ యూనియన్‌లోనే ఉంది గానీ కరెన్సీ యూరో కాదు, కొరునా. యూరోకి సుమారు 24, 25 కొరునాలు. టూరిస్టు దుకాణాల్లో యూరోలు తీసుకుంటారు, కానీ రేటు వాళ్ల ఇష్టం, చిల్లర కొరునాల్లో వస్తుంది. యూరో నోట్లు కట్టలుగా పట్టుకెళ్లి లాభం లేదు.

మార్పిడి దుకాణాల బోర్డు మీద "సున్నా కమీషన్" అని పెద్దగా ఉంటుంది. కమీషన్ నిజంగానే ఉండదు, రేటులో దోచుకుంటారు. బోర్డులో రెండు వరసలుంటాయి: "నాకుప్" అంటే వాళ్లు మీ దగ్గర కొనే రేటు, "ప్రొదేయ్" అంటే మీకు అమ్మే రేటు. మీకు కావాల్సింది నాకుప్. కొందరు ప్రొదేయ్ రేటునే పెద్ద అక్షరాల్లో పెడతారు. నోటు ఇచ్చేముందే "వంద యూరోలకి ఎన్ని కొరునాలు?" అని అడిగి కాగితం మీద రాయించుకోండి. పొరపాటున చెత్త రేటుకి మార్చుకున్నా దారుంది: 2019 నుంచి చట్టం ప్రకారం వెయ్యి యూరోల విలువ లోపు మార్పిడిని మూడు గంటల్లో రద్దు చేసుకోవచ్చు. రసీదు చేతిలో ఉండాలి, అదే దుకాణానికి వెళ్లాలి. రసీదు పారేస్తే ఆ హక్కు కూడా చెత్తబుట్టలోకే.

వీధిలో ఎవడో వచ్చి "మంచి రేటు ఇస్తా" అంటే నడుస్తూనే ఉండండి. కొరునాల పేరుతో చెల్లని విదేశీ నోట్లు అంటగడతారు.

కార్డు దాదాపు ప్రతిచోటా పనిచేస్తుంది. మెషిన్ "యూరోలోనా, కొరునాలోనా?" అని అడిగితే ఎప్పుడూ కొరునా నొక్కండి. ఏటీఎంలోనూ అంతే. అది మీకు మేలు చేస్తున్నట్టు "గ్యారంటీ రేటు" అని చూపిస్తుంది, ఒప్పుకోకపోతే తేడా వస్తుందేమో అనిపించేలా రాస్తుంది. ఒప్పుకోకండి. మన ఫారెక్స్ కార్డులు చాలావాటిలో కొరునా వాలెట్ ఉండదు, యూరో నుంచి మారేటప్పుడు అదనపు ఛార్జీ పడుతుంది. ఏ కార్డుకి ఎంతో బయల్దేరే ముందే కనుక్కుని, ఆరుగురిలో తక్కువ ఛార్జీ ఉన్న కార్డుతోనే ఉమ్మడి ఖర్చులు పెట్టండి.

చిల్లర కూడా కొంచెం ఉంచుకోండి. చాలాచోట్ల పబ్లిక్ టాయిలెట్లకి డబ్బు కట్టాలి.

కొత్తపెరుగు

చాలా థాంక్స్ అండి. శని, ఆదివారాల సంగతి అసలు తెలియదు. ఇప్పుడు శనివారం కోట అయింది. మరి చార్లెస్ బ్రిడ్జి ఎప్పుడు? సూర్యోదయానికి వెళ్లమని అందరూ అంటారు, కానీ ముందురోజు సాయంత్రమే దిగి తెల్లారే లేవడం మావాళ్లతో అయ్యే పనేనా?

గోదారిగట్టు

అయ్యే పనే. పైగా మొదటి రోజే తేలిక. అక్టోబరులో మనకీ వాళ్లకీ మూడున్నర గంటల తేడా. ప్రాగ్‌లో పొద్దున నాలుగైతే మన ఒంటికి ఏడున్నర. శనివారం అందరికీ వాటంతటవే మెలకువలు వస్తాయి. సోమవారానికి ఒళ్లు అక్కడి టైముకి అలవాటుపడితే మాత్రం ఎనిమిదింటి దాకా లేవరు.

అక్టోబరు మధ్యలో సూర్యోదయం 7:20 ప్రాంతంలో. 6:50కి ఓల్డ్ టౌన్ వైపు టవర్ కింద ఉండండి. ఎనిమిదిన్నర దాటితే గుంపులు మొదలవుతాయి, పది మీటర్ల వెడల్పు కూడా లేని వంతెన మీద తోసుకుంటూ నడవాలి. అటు చివరికి చేరి మలా స్ట్రానాలో టిఫిన్, అక్కణ్ణించి 22 ట్రామ్, తొమ్మిదికల్లా కోట. వెనక్కి తిరగాల్సిన పనే లేదు. ఈ ఊళ్లో చూసేవి తక్కువేం కావు, కానీ దగ్గరదగ్గరగా ఉంటాయి. వరస కుదిరితే సగం అలసట తగ్గుతుంది.

వంతెన గురించి: పునాది రాయి 1357లో వేశారు, నాలుగో చార్లెస్ కాలంలో. తొమ్మిదో తేదీ, ఏడో నెల, ఉదయం 5:31కి వేశారని చెప్తారు. 1, 3, 5, 7, 9, 7, 5, 3, 1: ఎటునుంచి చదివినా ఒకటే. ముహూర్తాల మీద గురి మనకొక్కళ్లకే లేదన్నమాట. పొడవు సుమారు 516 మీటర్లు, రెండు వైపులా కలిపి 30 విగ్రహాలు. చాలావాటికి ఇప్పుడున్నవి నకళ్లే, అసలువి వరదల నుంచీ గాలి నుంచీ కాపాడ్డానికి లోపల దాచారు.

నెపొముక్ యాన్ అనే క్రైస్తవ సాధువు విగ్రహం దగ్గర అందరూ క్యూ కట్టి కింద పలకని తాకుతారు, అరిగి బంగారంలా మెరుస్తుంటుంది. 1393లో ఆయన్ని నదిలోకి విసిరారు. ఆ విగ్రహం నుంచి ఓల్డ్ టౌన్ వైపు కొంచెం వెనక్కి వస్తే పిట్టగోడ మీద అయిదు నక్షత్రాలున్న చిన్న ఇత్తడి శిలువ ఉంటుంది. విసిరింది అక్కడి నుంచే అంటారు. దాన్ని దాదాపు ఎవరూ చూడకుండా దాటిపోతారు.

వేదిక_నిర్వాహకుడు

వీసా ప్రశ్నలు ప్రైవేట్ మెసేజ్‌లో వస్తున్నాయట, వాటికి వేరే చర్చ ఉంది. క్లుప్తంగా: ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే షెంగెన్ వీసా దరఖాస్తు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి. పెద్దలకి ఫీజు 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. మిగతావి అక్కడ అడగండి.

పంచాంగం_పట్టీ

గడియారం గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

ఓర్లోయ్ అనే ఆ గడియారం 1410 నాటిది. గంట కొట్టేటప్పుడు కిటికీల్లో అపొస్తలులు తిరగడం, అస్థిపంజరం తాడు లాగడం, చివర్లో కోడి కూయడం, ఇదంతా నిమిషం లోపే అయిపోతుంది. పొద్దున 9 నుంచి రాత్రి 11 దాకా ప్రతి గంటకీ. జనం పావుగంట ముందే గుమిగూడి, అయ్యాక "ఇంతేనా?" అని వెళ్లిపోతారు. అసలు చూడాల్సింది బొమ్మలు కాదు, కింద డయల్. గంట కొట్టి గుంపు చెదిరాక వెళ్లి అయిదు నిమిషాలు నిలబడండి.

బంగారు చెయ్యి ఉన్న ముల్లు రోమన్ అంకెల మీద మామూలు టైము చూపిస్తుంది. అక్టోబరులో అక్కడ ఇంకా వేసవి టైమే నడుస్తుంటుంది కాబట్టి మీ ఫోన్‌కంటే గంట తక్కువ చూపిస్తుంది, చెడిపోయిందనుకోకండి. బయట నల్ల పట్టీ మీద బంగారు రంగు గోతిక్ అంకెలు 1 నుంచి 24 దాకా ఉంటాయి. అది పాత చెక్ కాలం. అందులో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. మన పంచాంగంలో ఘడియలు సూర్యోదయం నుంచి లెక్కపెడతాం, వాళ్లు అస్తమయం నుంచి. అస్తమయం రోజూ మారుతుంది కదా, అందుకని ఆ పట్టీయే ఏడాది పొడుగునా ముందుకీ వెనక్కీ జరుగుతుంది.

వెనక పలక మీద నీలం అంటే పగలు, నారింజ అంటే సంధ్య, నలుపు అంటే రాత్రి. సూర్యుడి బొమ్మ ఏ రంగులో ఉందో చూస్తే చాలు. చంద్రుడు సగం వెండి, సగం నలుపు ఉన్న గుండు. తనలో తాను తిరుగుతూ పాడ్యమి నుంచి పున్నమి దాకా చూపిస్తుంది.

లోపల చక్రం మీద పన్నెండు రాశులు. మీరు వెళ్లే రోజుల్లో సూర్యుడు తులారాశిలో కనిపిస్తాడు, కానీ మన పంచాంగం తీస్తే ఇంకా కన్యలోనే ఉంటాడు. తులా సంక్రమణం అక్టోబరు 17 ప్రాంతంలో. ఎవరిదీ తప్పు కాదు: వాళ్లది సాయనం (ఋతువుల్ని బట్టి లెక్క), మనది నిరయనం (నక్షత్రాల్ని బట్టి). ఫ్రెండ్స్‌లో జాతకాల పిచ్చి ఉన్నవాళ్లుంటే ఆ గడియారం కిందే గొడవ పెట్టొచ్చు.

ఒక హెచ్చరిక: గంట కొట్టే సమయంలో అందరి తలలూ పైకి, ఫోన్లు పైకి. జేబుదొంగలకి అంతకంటే ఏం కావాలి? బ్యాగు ముందుకి తిప్పుకోండి. 22 ట్రామ్‌లో కూడా అదే జాగ్రత్త.

చార్మినార్_చాయ్

సూపర్ చెప్పిన్రు అన్నా. టవర్ ఎక్కాలంటే ఆ గడియారం ఉన్న ఓల్డ్ టౌన్ హాల్‌దే ఎక్కుండ్రి, లిఫ్ట్ ఉంది, మోకాలి నొప్పాయన గూడ పోవచ్చు. కేథడ్రల్ పెద్ద టవర్‌కు 287 మెట్లు, గిర్రగిర్ర తిరుగుతయి, లిఫ్ట్ లేదు, టికెట్ గూడ వేరే. సోమవారం టౌన్ హాల్ టవర్ లేటుగ తెరుస్తరు, గది గుర్తుపెట్టుకోండ్రి.

ఉలవచారు

శాకాహారుల సంగతికి వద్దాం. వాళ్లు గుడ్డు తినరంటున్నారు, చెక్ భోజనంలో అక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు.

మెనూలో "బెజ్‌మసా యీద్లా" అనే భాగం అంటే మాంసం లేనివి. అందులో మొదట కనపడేది స్మజెనీ సీర్, అంటే చీజ్ ముక్కకి పూత పట్టించి నూనెలో వేయించినది, బంగాళాదుంపలతో. శాకాహారమే కదా అని అందరూ అదే చెప్తారు. కానీ ఆ పూత మూడు పొరలు: పిండి, కొట్టిన గుడ్డు, రొట్టె పొడి. పక్కన ఇచ్చే తెల్ల టార్టార్ సాస్‌లోనూ గుడ్డుంటుంది. వేయించే నూనె మాంసంతో ఉమ్మడి కావచ్చు. బ్రమ్‌బొరాక్ అనే ఆలూ అట్టులోనూ గుడ్డు వేస్తారు. క్నెడ్లీకి అనే ఉడికించిన రొట్టె ముక్కల్లో కూడా మామూలుగా గుడ్డుంటుంది. సూప్ కూరగాయలదని రాసినా "వీవర్" అంటే మాంసం ఉడికించిన నీళ్లు, అది వేశారా అని అడగాలి.

మాంసం తినేవాళ్లకి: "హొవ్యెజీ" అంటే గొడ్డు మాంసం, "వెప్ర్జొవే" అంటే పంది, "కుర్జెత్సీ" అంటే కోడి. స్వీచ్కొవా, గులాష్ మామూలుగా గొడ్డు మాంసంతోనే చేస్తారు. తినని వాళ్లు ఈ మూడు మాటలు ఫోన్లో రాసి పెట్టుకోండి.

మీకు వంటగది ఉంది కాబట్టి సగం బాధ తీరినట్టే. "రీజె" అంటే బియ్యం. చాలా దుకాణాల్లో ఉడకబెట్టడానికి చిల్లుల సంచుల్లో అమ్ముతారు, నీళ్లలో సంచీతో సహా వేసి దించేయడమే. పెరుగన్నానికి "బీలీ యోగుర్త్" అని ఉన్నది తీసుకోండి, అదే తీపి లేని తెల్ల పెరుగు. పక్కనే అలాంటి డబ్బాలో "స్మెతనా" ఉంటుంది. అది మీగడ, పెరుగు కాదు. "జకిసనా స్మెతనా" అంటే పుల్ల మీగడ, అదీ పెరుగు కాదు. తాలింపు పెట్టాక గానీ తెలియదు, అప్పటికి అన్నం పోతుంది. ఆవకాయ సీసా చెకిన్ సూట్‌కేసులో రెండు కవర్లు చుట్టి పెట్టుకోండి. నీళ్ల సీసాలు కొనక్కర్లేదు, కుళాయి నీళ్లు తాగొచ్చు.

ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో స్టాళ్లలో కాల్చిన హామ్ కనిపిస్తుంది. బోర్డు మీద ధర 100 గ్రాములకి. వాళ్లు కోసేది చేతికొచ్చినంత. కోయకముందే "ఇంతే చాలు" అని చెప్పి, తూకం చూసుకోండి. త్ర్‌దెల్నీక్ అనే పొగ గొట్టం లాంటి తీపి రొట్టెని ప్రాచీన చెక్ వంటకమని రాస్తారు, కానీ పర్యాటకుల కోసం ఇటీవలి కాలంలో ఊరంతా వెలిసింది. తినాలనుంటే తినండి, చరిత్ర కోసం మాత్రం తినకండి.

బడాయి_బుజ్జి

భాష గురించి చిన్నవి గానీ పనికొచ్చేవి.

చెక్‌లో "అనో" అంటే అవును. మాట్లాడేటప్పుడు దాన్ని కుదించి "నో, నో" అంటారు. వెయిటర్ "నో" అన్నాడని లేచి వచ్చేయకండి, సరే అంటున్నాడు.

తలుపుల మీద టి, ఏ, ఎం ఉంటే తొయ్యాలి (తామ్), ఎస్, ఈ, ఎం ఉంటే లాగాలి (సెమ్). ఆరుగురిలో కనీసం ఒకరు దాన్ని ఎవరిదో పేరనుకుంటారు.

బిల్లు అడిగితే "జ్వ్‌లాష్త్, నెబో దొహ్రొమదీ?" అంటారు, విడివిడిగానా కలిపా అని. జ్వ్‌లాష్త్ అంటే ఎవరిది వాళ్లు కట్టొచ్చు, ఆరుగురైనా విసుక్కోరు. పబ్బులో టేబుల్ మీద చిన్న కాగితం పెట్టి, తెచ్చిన ప్రతి బీరుకీ ఒక గీత గీస్తారు. బిల్లంటే ఆ కాగితమే, దాంతో పేపర్ పడవలు చేయకండి. తాగని వాళ్లకి కొఫొలా అనే నల్ల కూల్‌డ్రింక్ దొరుకుతుంది.

ఇంటి నంబర్ల గొడవ కూడా చెప్పాలి. ప్రతి ఇంటికీ రెండు పలకలు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఎరుపు ఆ పేటలో ఇళ్లు నమోదైన వరసలో ఇచ్చిన నంబరు, వీధిలో పక్కపక్క ఇళ్లకి అవి పొంతన లేకుండా ఉంటాయి. నీలం వీధి వెంట వరసగా వచ్చే నంబరు. అడ్రసులో రెండూ గీతతో రాస్తారు, ముందు ఎరుపు, తర్వాత నీలం. 727/39 అని ఉంటే మీరు వెతకాల్సింది నీలం 39. రాత్రిపూట సూట్‌కేసులతో ఎర్ర నంబరు వెతుక్కుంటూ తిరిగితే తెల్లారిపోతుంది. నెరుదొవా వీధిలో ఈ నంబర్లకంటే ముందునాటి గుర్తులు ఇంకా గుమ్మాల మీద ఉన్నాయి: రెండు సూర్యుళ్లు, మూడు ఫిడేళ్లు. అప్పట్లో అడ్రసు అంటే అదే.

పట్టాలమీద

రోడ్డు దాటడం గురించి. జీబ్రా క్రాసింగ్ దగ్గర కార్లు ఆగుతాయి, ట్రామ్ ఆగదు. అక్కడి చట్టంలోనే పాదచారుల కంటే ట్రామ్‌కి ముందు హక్కు. కార్లు ఆగాయి కదా అని పట్టాల మీదికి అడుగేయకూడదు. చప్పుడు లేకుండా వస్తుంది.

బూట్లు: దారంతా చిన్నచిన్న రాళ్లు పరిచి ఉంటాయి. పల్చటి అట్ట ఉన్న షూస్‌తో రెండో రోజుకి అరికాళ్లు మండిపోతాయి. మెత్తటి మందపాటి అట్ట, వెనక పట్టు ఉన్నవి. మోకాలి కోసం బ్రేస్, మడిచే చేతికర్ర తెచ్చుకోండి. జాకెట్ వాన ఆపేదై ఉండాలి, పొద్దున్నే చలి గట్టిగానే ఉంటుంది. పాస్‌పోర్ట్ ఒంటిమీదే ఉండాలని విదేశీయులకి రూలు, లోపలి జేబులో పెట్టుకోండి.

గోదారిగట్టు

యోజెఫోవ్ లోపల వరస చెప్పి వదిలేస్తా. తెరిచే టైముకి పింకాస్ సినగాగ్ దగ్గరుండండి. శ్మశానానికి దారి దాని గుండానే, పదకొండు దాటితే ఇరుకు మెట్ల మీద నిలబడిపోతారు. పింకాస్ గోడల మీద నాజీల చేతిలో చనిపోయిన దాదాపు 80,000 మంది చెక్ యూదుల పేర్లు చేత్తో రాసి ఉన్నాయి. ఒకసారి చెరిపేస్తే 1990లలో మళ్లీ రాశారు. అక్కడ మాటలు తగ్గించి, గ్రూప్ ఫోటోల ఆలోచన బయటే వదిలేయండి. పాత శ్మశానంలో సుమారు 12,000 రాళ్లు కనిపిస్తాయి, కింద సమాధులు అంతకంటే ఎక్కువ. స్థలం లేక మట్టి పోసి ఒక పొర మీద ఇంకో పొర పూడ్చారు. పై పొరకి పాత రాళ్లను కూడా పైకి లేపి నిలబెట్టారు. అవి అలా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉండటానికి కారణం అదే. 1787 తర్వాత అక్కడ ఎవరినీ పూడ్చలేదు.

పక్కనున్న ఓల్డ్-న్యూ సినగాగ్ 13వ శతాబ్దంది, టికెట్ విడిగా ఉంటుంది. మగవాళ్లు తల కప్పుకోవాలి. ఎదురుగా యూదుల టౌన్ హాల్ మీద హీబ్రూ అక్షరాల గడియారం చూడండి, ముళ్లు వెనక్కి తిరుగుతాయి. హీబ్రూ కుడి నుంచి ఎడమకి కదా.

కొత్తపెరుగు

మార్చిన ప్లాన్ ఇది:

శుక్రవారం: 59, మెట్రో ఏ, 90 నిమిషాల టికెట్లు ఆరు. బియ్యం, బీలీ యోగుర్త్.
శనివారం: 6:50 వంతెన, టిఫిన్, 22 ట్రామ్ బీలా హోరా వైపు, 9కి కోట. మోకాలి నొప్పి ఉన్నవాడు 22లోనే కిందికి. సాయంత్రం గడియారం, టౌన్ హాల్ టవర్.
ఆదివారం: పొద్దున పింకాస్, శ్మశానం, ఓల్డ్-న్యూ. మధ్యాహ్నం పెత్ర్జీన్ కొండ, ఫ్యునిక్యులర్‌లో (తాడు లాగే కొండ రైలు) ఎక్కి.
సోమవారం: విషెహ్రాద్, షాపింగ్. మంగళవారం నాలుగింటికి వ్యాన్.

పట్టాలమీద

శనివారం, ఆదివారం పొద్దున బాగున్నాయి. పెత్ర్జీన్ ఫ్యునిక్యులర్‌ని 2024లో ఆపేసి కొత్తగా కట్టడం మొదలుపెట్టారు. వెళ్లే వారం ముందు మళ్లీ తెరిచారో లేదో చూసుకోండి. తెరవకపోతే పైకి 22లో పోహోర్జెలెత్స్ దాకా వెళ్లి అక్కణ్ణించి చదును దారిలో నడవండి. పైనున్న టవర్ 1891 నాటిది, 299 మెట్లు.

బడాయి_బుజ్జి

సోమవారం విషెహ్రాద్‌కి మెట్రో సీ లైన్, స్టేషన్ పేరు కూడా విషెహ్రాద్, అక్కణ్ణించి చదును దారి. లోపల శ్మశానంలో సంగీతకారుడు ద్వొర్జాక్, స్మెతనా, చిత్రకారుడు ముఖా, రచయిత చాపెక్ సమాధులున్నాయి. ఈ స్మెతనా సంగీతకారుడు, మీగడ కాదు. చాపెక్ అంటే "రోబో" మాటని ప్రపంచానికిచ్చిన నాటకం రాసినాయన. టైము మిగిలితే దేయ్‌విత్స్కా మెట్రో దగ్గర ఠాగూర్ పేరు మీద వీధి ఉంది, పలక మీద "ఠాకురొవా" అని ఉంటుంది. ఆయన 1921లోనూ 1926లోనూ ప్రాగ్ వచ్చాడు.

ఉలవచారు

అపార్ట్‌మెంట్ వాళ్లు వచ్చాక ఊరి రుసుం అడుగుతారు, మనిషికి రాత్రికి 50 కొరునాలు. ఆరుగురు, నాలుగు రాత్రులు: 1,200. బుకింగ్‌లో కలిపారో లేదో చూసుకోండి, లేకపోతే ఆ మొత్తం కొరునాల్లోనే విడిగా తీసిపెట్టుకోండి.

కొత్తపెరుగు

బుకింగ్ మళ్లీ చూశా, కలపలేదు. 1,200 పక్కన పెట్టాం. అడ్రసులో నీలం నంబరు చుట్టూ గీత గీసి అందరికీ పంపించా.